రెండు తలల పాము: ఒక పేరు చరిత్ర

శాసనాలను, కైఫియత్తులను, రెవెన్యూ రికార్డులను చరిత్రకు ఆధారాలుగా ఎలా వాడుకోవాలో గత పాఠాల్లో చదివారు. ఈ పాఠంలో మన ముందున్న ఆధారం ఒక్క పేరు. అదీ జానెడు పొడవు కూడా ఉండని ఒక పాము పేరు. చరిత్ర పుస్తకంలో ఇంత చిన్న ప్రాణికి చోటెందుకని మీకు అనిపించవచ్చు. కొంచెం ఓపిక పట్టండి. 1796లో లండన్‌లో అచ్చయిన ఒక పెద్ద పుస్తకంలో ఈ పేరు ఉంది. నేటి తెలంగాణ పోలీసు కేసుల్లోనూ ఇదే పేరు వినిపిస్తుంది. ఈ రెండింటి మధ్య ఆ పేరు ఒక పాము మీద నుంచి ఇంకో పాము మీదికి జరిగింది. ఆ జరుగుబాటే మన పాఠం.

ముందు ఆ పామును గుర్తుపట్టండి. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో పెరిగినవారు దీన్ని చూసే ఉంటారు. తొలకరి వానలకు స్నానాల గది తూములోంచి బయటికి వస్తుంది. పూలకుండీ జరిపినప్పుడో, పెంటకుప్ప తవ్వినప్పుడో, చెరకు తోటలో తడి మట్టి తిరగేసినప్పుడో నల్లగా, నిగనిగలాడుతూ, బూట్ల లేసు ముక్కలాగా మెలికలు తిరుగుతుంది. చాలామంది దాన్ని వానపాము అనుకుంటారు. దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. వానపాము ఒంటి మీద ఉంగరాల్లాంటి గీతలుంటాయి, పొలుసులు ఉండవు. దీని ఒళ్లంతా నున్నటి పొలుసులు. కళ్లు కూడా పొలుసు కిందే రెండు నల్లటి చుక్కలుగా ఉంటాయి. వెలుతురు, చీకటి తేడా తెలియడం తప్ప ఆ కళ్లతో పెద్దగా ప్రయోజనం లేదు. నోరు మరీ చిన్నది, విషం లేదు. చీమల, చెదపురుగుల గుడ్లు, లార్వాలు దీని ఆహారం. తోకకూ తలకూ తేడా చెప్పడం కష్టం. తోక చివర చిన్న ముల్లు ఉంటుంది. మట్టిలో ముందుకు జరగడానికి దాన్ని ఆనుగా పెట్టుకుంటుంది. పట్టుకుంటే ఆ ముల్లుతోనే పొడుస్తుంది, చర్మం తెగదు. పొడిచింది తోకే అయినా, పట్టుకున్నవారు మాత్రం కరిచిందనే అనుకుంటారు.

కామారెడ్డి అధ్యయన కేంద్రంలో ఆదివారం తరగతులు చెప్పిన రోజుల్లో నేనొకసారి ఈ పామును బల్ల మీద కాగితంలో పెట్టి, దీన్ని మీ ఇంట్లో ఏమంటారని అడిగాను. లింగంపేట వైపు నుంచి వచ్చిన ఒకామె గుడ్డిపాము అంది. ఎల్లారెడ్డి అబ్బాయి రెండు తలల పాము అన్నాడు. వెనక బెంచీలోని పెద్దాయన, “ఇది పామేంది సార్, ఎర్ర” అన్నాడు. చేపలు పట్టడానికి గాలానికి గుచ్చే వానపామును ఇక్కడ ఎర్ర అంటారు. అప్పుడు రెండు తలల పాము అన్న కుర్రాణ్ని మిగతావాళ్లు ఎగతాళి చేశారు. రెండు తలల పాము ఇంత లావుంటుంది, లక్షలు పలుకుతుంది, ఇది కాదు అని. ఆ కుర్రాడు సిగ్గుపడి కూర్చున్నాడు. మిగతా తరగతికి తెలియని సంగతి ఏమిటంటే, అచ్చులో మనకు దొరికే పాత సాక్ష్యం అతని పక్షానే ఉంది.

ఆ సాక్ష్యం పేరు ప్యాట్రిక్ రసెల్. 1726లో ఎడిన్‌బరోలో పుట్టిన వైద్యుడు. సిరియాలోని అలెప్పోలో చాలాకాలం పనిచేశాడు. తమ్ముడు క్లాడ్ ఈస్ట్ ఇండియా కంపెనీ తరఫున విశాఖపట్నంలో అధికారిగా ఉండగా, 1781లో అతనితో పాటు మన తీరానికి వచ్చాడు. కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త కోనిగ్ చనిపోయాక 1785లో ఆ పదవి రసెల్‌కు దక్కింది. ఆ రోజుల్లో ఉత్తర సర్కారుల్లోని కంపెనీ ఉద్యోగులకు, సిపాయిలకు పాముకాటు ఒక నిత్యభయం. ఏ పాము చంపుతుంది, ఏది చంపదు అన్నది చూసి చెప్పగలిగే పద్ధతి కావాలి. రసెల్ పాములను తెప్పించాడు, కోరలు ఉన్నాయో లేదో చూశాడు, కోళ్ల మీద, కుక్కల మీద కాటు పరీక్షించాడు, తంజావూరు మాత్ర అనే మందు పనిచేస్తుందో లేదో కూడా చూశాడు. 1789లో తిరిగి వెళ్లిపోయాడు. కోరమాండల్ తీరపు పాముల గురించి అతను రాసిన పుస్తకం మొదటి భాగం రంగుల పటాలతో 1796లో కంపెనీ ఖర్చుతో వెలువడింది.

ఈ పుస్తకం ముఖ్యంగా మనకెందుకు కావాలంటే, రసెల్ చాలా పాములకు లాటిన్ పేరు పెట్టలేదు. అక్కడి జనం ఏమన్నారో అదే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. కొన్నింటిని పైకి చదివి చూడండి: ‘బుంగారమ్ పామా’, ‘కటుక రేకుల పోడా’, ‘జెరీ పోటూ’, ‘పెద్దా పోడా’, ‘పస్సేరికీ పామ్’. తెలుగు వచ్చినవారికి నిఘంటువు అక్కరలేదు. బంగారు పాము, కాటుక రేకుల పొడ, జెర్రిపోతు, పెద్ద పొడ, పసిరిక పాము. మనం ఇప్పుడు రక్తపింజర అంటున్నదే కాటుక రేకుల పొడ. వీపు మీద నల్లటి అంచులున్న ఆ మచ్చలను చూసి కాటుక పెట్టిన రేకులు అని ఎవరో అన్నారు. అన్నవారెవరో పుస్తకంలో లేదు. పాములు పట్టి తెచ్చినవారు, బుట్టలు మోసినవారు, “ఇది ఫలానాది దొరా” అని చెప్పినవారు – వాళ్ల నోటిమాట మిగిలింది, వాళ్ల పేర్లు మిగల్లేదు. వలసపాలన నాటి శాస్త్ర గ్రంథాలను చదివేటప్పుడు ఈ లోటును గుర్తుపెట్టుకోండి. రసెల్ తర్వాత విశాఖ తీరపు చేపల మీద 1803లో వెలువరించిన పుస్తకంలోనూ ఇదే పద్ధతి: పేర్లు తెలుగువి, చెప్పినవాళ్లు అజ్ఞాతులు.

ఇక మొదటి భాగంలో 43వ పటం చూడండి. అక్కడున్నది మనం కాగితంలో చూసిన గుడ్డిపామే. దాని కింద పేరు ‘రొండూ తలూలూ పామ్’. రెండు తలల పాము. అంటే 18వ శతాబ్దం చివర్లో విశాఖ ప్రాంతపు తెలుగువారు ఈ చిన్న పామునే ఆ పేరుతో పిలిచారు.

ఈ పేరు మూఢనమ్మకం నుంచి పుట్టిందని తేలిగ్గా తీసిపారేయకండి. ముందు, వెనక ఒకే లావు, రెండు కొసలూ మొద్దు. ఏ కొస ఎటు కదులుతుందో తెలియదు. పేరు పెట్టినవాడు చూసిందే చెప్పాడు. ఇలా చూసింది మనవాళ్లు మాత్రమే కాదు. రెండు వైపులకూ నడిచేదనే అర్థంలో గ్రీకులు ‘ఆంఫిస్బేనా’ అనే పామును ఊహించారు. మన వైద్యగ్రంథాలు కళ్ల సంగతి గమనించాయి. సుశ్రుత సంహిత కల్పస్థానంలో విషం లేని పాముల జాబితాలో ‘అంధాహిక’ అనే పేరుంది. దానికి వర్ణన లేదు కాబట్టి అది ఈ జాతే అని వాదించడం తగదు. కానీ గుడ్డిదైన పాము విషం లేనిది అన్న పరిజ్ఞానం పాతదే అని చెప్పడానికి ఆ పదం చాలు. ఇంకో తమాషా చూడండి. తెలుగువారు పురుగును తీసుకొచ్చి వానపాము అని పాముల్లో చేర్చారు. ఇంగ్లీషువారు ఈ పామును తీసుకెళ్లి ‘వర్మ్ స్నేక్’ అని పురుగుల పక్కన పెట్టారు. రెండు భాషలూ ఒకే పోలికను రెండు వైపుల నుంచి చూశాయి.

రసెల్ పుస్తకం పారిస్ చేరింది. అక్కడ ఫ్రాన్స్వా మరీ దొదాఁ అనే యువకుడు ప్రపంచంలోని సరీసృపాలన్నిటికీ చరిత్ర రాస్తున్నాడు. చిన్నప్పుడే కాళ్లు చచ్చుబడిన మనిషి. భారతదేశం ఎన్నడూ చూడలేదు. పటాలు చూసి, వర్ణనలు చదివి పేర్లు పెట్టాడు. 1803లో, ముప్ఫై ఏళ్లు నిండకుండానే, చనిపోయాడు. అతని గ్రంథంలో మన బంగారు పాము ‘బంగారస్’ అయింది. ఇప్పటికీ ప్రపంచమంతటా కట్లపాముల ప్రజాతి పేరు అదే, తెలుగు బంగారమే. అదే గ్రంథంలో రెండు తలల పాముకు మాత్రం ఆ అదృష్టం దక్కలేదు. దొదాఁ దానికి ‘ఎరిక్స్ బ్రామినస్’ అని పేరు పెట్టాడు. రసెల్ పటం కింద ఉన్న తెలుగు పేరులో కులం ఊసే లేదు. అయినా ఆ లాటిన్ మాటే ఇంగ్లీషులోకి దిగి ‘బ్రాహ్మినీ బ్లైండ్ స్నేక్’ అయింది. మన పాఠ్యపుస్తకాల్లో కొన్ని దాన్నే మళ్లీ తెలుగులోకి తెచ్చి బ్రాహ్మణ గుడ్డిపాము అంటున్నాయి. విశాఖపట్నం నుంచి లండన్‌కూ, అక్కణ్నుంచి పారిస్‌కూ వెళ్లి, వేషం మార్చుకుని ఇంటికొచ్చిన పేరు అది. నాకైతే గుడ్డిపాము అన్న మాటే చాలనిపిస్తుంది.

దొదాఁ పెట్టిన రెండు మాటల్లో మొదటిదాన్ని, అంటే ‘ఎరిక్స్’ను, తర్వాతివాళ్లు మార్చారు. 19వ శతాబ్దంలో గ్రీకులో గుడ్డి అనే అర్థమిచ్చే మాట మీద ఏర్పడిన ‘టైఫ్లాప్స్’లో చేర్చారు. 2014లో ‘ఇండోటైఫ్లాప్స్’ అయింది. ‘ఎరిక్స్’ను మాత్రం జ్ఞాపకం ఉంచుకోండి, దానితో మనకు పని ఉంది.

ఈలోగా పాము కూడా ప్రయాణం చేసింది, పేరు కంటే దూరం. నేలమీద బతికే పాముల్లో ప్రపంచంలో ఇంత విస్తారంగా వ్యాపించింది ఇంకొకటి లేదు. ఆఫ్రికా, ఆస్ట్రేలియా, రెండు అమెరికాలు, పసిఫిక్ దీవులు, మారిషస్, ఫిజీ అన్నిచోట్లా ఉంది. కుండీల మట్టిలో, మొక్కల వేళ్ల మధ్య దాక్కుని వెళ్లింది కాబట్టి దానికి ఇంగ్లీషులో పూలకుండీ పాము అనే పేరూ వచ్చింది. 1930లో హవాయిలో కనబడినప్పుడు, ఫిలిప్పీన్స్ నుంచి తెచ్చిన మొక్కల మట్టితో వచ్చిందని తేల్చారు. ఒక్క పాము చేరినా చాలు, అక్కడ సంతతి మొదలవుతుంది. ఎందుకంటే వీటిలో మగవి లేవు. మనకు తెలిసిన ఈ జాతి పాములన్నీ ఆడవే. తోడు లేకుండానే గుడ్లు పెడతాయి, పిల్లలన్నీ తల్లికి అచ్చుగుద్దినట్లు ఉంటాయి. క్రోమోజోములు మామూలుగా రెండు వరుసలుండాల్సిన చోట వీటికి మూడు వరుసలున్నాయని 1980ల్లో నిర్ధారణ అయింది. మారిషస్, ఫిజీ, నేటాల్ అనగానే మీకు గిర్మిట్ కూలీల పాఠం గుర్తుకొచ్చి ఉంటుంది. తెలుగు కూలీలు వెళ్లిన చోట్లకే ఈ పామూ చేరింది. అదే ఓడల్లో వెళ్లిందని మాత్రం రాయకండి. రెండు దారులు కలిసినంత మాత్రాన ఒకటి ఇంకొకదానికి కారణం కాదు. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ఈ తప్పును నేను చాలాసార్లు ఎర్రసిరాతో చుట్టాను.

ఇప్పుడు ఆ లావు పాము సంగతికి వద్దాం. నేడు తెలంగాణలో రెండు తలల పాము అంటే ఎక్కువమంది మనసులో మెదిలేది వేరే జాతి. గోధుమ లేదా ఎరుపు రంగు, మణికట్టంత లావు, రెండున్నర మూడు అడుగుల పొడవు. దీని తోక కూడా మొద్దుగా తలలాగే ఉంటుంది. ఇదీ నేలలో దూరే పామే, దీని కళ్లూ చిన్నవే, కానీ గుడ్డిది కాదు. చల్క నేలలో, ఇసుక నేలలో ఎలుక బొరియల దగ్గర ఉంటుంది. ఎలుకలే దీని తిండి. విషం లేదు. గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. ఎవరైనా తాకితే తలను చుట్టల కింద దాచి తోకను పైకెత్తి తల అన్నట్లు ఆడిస్తుంది. దెబ్బ తగిలితే తోకకే తగులుతుంది. పాములాడించేవాళ్లలో కొందరు ఆ తోక మీద కళ్లలా, నోరులా గాట్లు పెట్టి జనానికి చూపించేవారు. ఆరు నెలలు ఈ తల, ఆరు నెలలు ఆ తల పనిచేస్తాయన్న కథ అలాంటి ప్రదర్శనల్లో బాగా అమ్ముడుపోయింది.

దీన్ని శాస్త్రానికి పరిచయం చేసింది ఎవరో ఊహించండి. రసెలే. తన రెండో భాగంలో, 1801లో, దీన్ని ‘బోవా జోనీ’ అన్నాడు. తరంగంబాడిలోని డేనిష్ మిషన్‌లో ఉన్న క్రిస్టఫ్ సామ్యూల్ జాన్ అనే మతప్రచారకుడి గౌరవార్థం పెట్టిన పేరది. అంటే రెండు పాములూ ఒకే మనిషి చేతిలోకి వచ్చాయి. చిన్నదానికి విశాఖ జనం పెట్టిన తెలుగు పేరు రాశాడు. పెద్దదానికి తమిళ తీరంలో ఉన్న ఒక ఐరోపా మిత్రుడి పేరు పెట్టాడు. ఇప్పుడు ఆ పెద్దదాని శాస్త్రీయ నామం ‘ఎరిక్స్ జోనీ’. గుడ్డిపామును దొదాఁ ఏ ప్రజాతిలో పెట్టాడో గుర్తుందా? అదే ‘ఎరిక్స్’. పారిస్ పండితుడు గుడ్డిపాముకు పెట్టిన ప్రజాతి పేరే ఇప్పుడు పెద్దదాని పేరులో ఉంది. మన ఊళ్లలో జనం మొద్దు తోకను చూసే రెండింటికీ ఒకే పేరు వాడారు. పండితుల పొరపాటును తర్వాతి పండితులు దిద్దారు. ఊళ్లలో ఒకే పేరు రెండు పాముల మీదా అలాగే నిలిచింది. ఒక దశలో పెద్దది చిన్నదాన్ని పక్కకు నెట్టింది.

ఒక పేరు రెండింటికి ఉండడం మీకు కొత్త కాదు. 20వ శతాబ్దం తొలినాళ్ల గెజిటీర్లలో నిజామాబాద్ జిల్లా కింద కామారెడ్డిపేట, ఎల్లారెడ్డిపేట అనే తాలూకాలు కనిపిస్తాయి. అవి నేటి కామారెడ్డి, ఎల్లారెడ్డి. వాడుకలో ‘పేట’ రాలిపోయింది. అటు రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఎల్లారెడ్డిపేట అనే మండలం ఇవాళ్టికీ ఉంది. పాత పుస్తకంలో పేరు చూసి ఏది ఏదో తేల్చుకోని విద్యార్థి మంజీర ఒడ్డున ఉండాల్సిన లెక్కలను మానేరు ఒడ్డుకు చేరుస్తాడు. ఊరి పేరు విషయంలో ఆ నష్టం కాగితం మీదే ఉంటుంది. పాము పేరు విషయంలో అలా లేదు.

పెద్ద పాము చుట్టూ ఇప్పుడొక చాటుమాటు బజారు ఉంది. ఇంట్లో ఉంటే లక్ష్మి వస్తుందని, మందులకు పనికొస్తుందని, గుప్తనిధులు చూపిస్తుందని, విదేశాల్లో కోట్లిస్తారని చెబుతారు. బరువును బట్టి ధర అంటారు. ఇందులో ఒక్కటీ నిజం కాదు. మందుకు పనికొస్తుందనడానికి ఆధారమే లేదు. కోట్లిచ్చే విదేశీయుడు ఎప్పుడూ ఫోన్‌లోనే ఉంటాడు. ఈ బజారు పాము కంటే ఎక్కువగా నమ్మకాన్ని అమ్ముతుంది. నా విద్యార్థి ఒకతను, ఎల్లారెడ్డి దగ్గరి పల్లెవాడు, చదువు మధ్యలో ఆపేశాడు. తండ్రి రెండు పాడిబర్రెలను అమ్మి, పాము చూపిస్తానన్న దళారికి బయానా ఇచ్చాడు. పామూ రాలేదు, డబ్బూ రాలేదు. ఫిర్యాదు చేయడానికి వీల్లేదు, ఎందుకంటే కొనబోవడమే నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద ఈ పామును పట్టడం, దగ్గర ఉంచుకోవడం, అమ్మడం, కొనడం శిక్షార్హం. మోసగాళ్లకు కలిసొచ్చేది ఇదే. మోసపోయినవాడు నోరు తెరవలేడు.

పాముల వైపు నుంచి చూడండి. పెద్దది పట్టుబడి, సంచుల్లో, డబ్బాల్లో చేతులు మారి చస్తుంది. పొలంలో ఎలుకలను తినే ప్రాణి పోతుంది. ఇక చిన్నదానికి ఆ పేరు పోయాక మిగిలింది భయం. చెవిలో దూరుతుందని, పాలు తాగే పిల్లల దగ్గరికి వస్తుందని, నాగుపాము పిల్ల అని దాన్ని కొట్టి చంపుతారు, మీద ఉప్పు చల్లుతారు. దాని నోట్లో చీమ గుడ్డు కంటే పెద్దది పట్టదు. ఒక తరం కింద ఎల్లారెడ్డిలో అమ్మమ్మలు దీన్ని చూసి ఏమనేవారో సేకరించి ఉంటే, పేరు ఎప్పుడు జరిగిందో, ఈ బజారు రాకముందో తర్వాతో తేల్చడం సులువయ్యేది. ఆ పని ఇంకా చేయవచ్చు. అందుకే ఈ పాఠానికి అభ్యాసంగా దాన్నే ఇస్తున్నాను.

మీ ఇంట్లో, మీ వాడకట్టులో అరవై ఏళ్లు దాటిన అయిదుగురిని అడగండి. ముందే పేరు చెప్పకండి. చెబితే అవునంటారు, మీ సేకరణ అక్కడితో చెడిపోతుంది. “తూములోంచి వచ్చే సన్నపామును ఏమంటారు?” అని మాత్రమే అడిగి, వాళ్లన్న మాట వాళ్లన్నట్లే రాయండి. పలుకుబడిని పుస్తకభాషలోకి మార్చకండి. ‘ఎర్ర’ అంటే ఎర్ర అనే రాయండి. తర్వాత “రెండు తలల పాము అంటే ఏది?” అని అడగండి. దాని పొడవును చేత్తో చూపించమనండి. జానెడా, మూరెడా రాసుకోండి. ఊరు, తేదీ రాయండి. ఒప్పుకుంటే చెప్పినవారి పేరు, వయసు, చేసిన పని తప్పకుండా రాయండి. విశాఖలో రసెల్‌కు పాము తెచ్చిచ్చిన మనిషి విషయంలో జరిగినట్లు మీ విషయంలో జరగకూడదు.

అభ్యాసం కోసం పాములను పట్టకండి, తేకండి. ఫోటో తీయగలిగితే దూరం నుంచి తీయండి. కట్లపాము పిల్ల కూడా సన్నగా, నల్లగా ఉంటుంది. దాని ఒంటి మీద తెల్లటి అడ్డచారలుంటాయి, దానికి పుట్టుకతోనే విషం ఉంటుంది. చీకట్లో తూము దగ్గర రెండింటి మధ్య తేడా చేత్తో తడిమి తెలుసుకునేది కాదు. టార్చి వేసి చూడండి.